తాటిగుమ్మి ఊదుడు గొట్టాలు

తాటిగుమ్మి మునిసిపాలిటీలో ఇప్పుడు ఒక ఆకు రాలిందంటే ముగ్గురు ఆఫీసర్లు కుర్చీల్లోంచి లేస్తారు. ఒకప్పుడు ఆకులకి అంత మర్యాద ఉండేది కాదు. రాలేవి, ఊడ్చేవాళ్ళు, బండెక్కేవి, కొబ్బరితోటల గోతుల్లోకి పోయేవి. ఊరి జనం కాఫీ తాగి పేపరు మడిచేలోగా రోడ్లు అద్దంలా ఉండేవి. ఆ పని ఎవరు చేస్తున్నారో, ఎప్పుడు చేస్తున్నారో ఎవరికీ తెలిసేది కాదు. ప్రభుత్వం దృష్టిలో అదే పెద్ద లోపం.

ఊడ్చే ఆడవాళ్ళకి మేస్త్రి గుత్తుల అబ్బులు. అబ్బులు చీపురు పట్టడు, పట్టిస్తాడు. మెడలో ఈల, చంకలో గొడుగు, ముఖాన ఊరంతా తనే కడిగినంత ధీమా. మనిషి మంచివాడే గానీ నలభై దాటినా పెళ్ళి కాలేదు. దానికి కారణం ఉంది. ఏ సంబంధం చూడ్డానికి వెళ్ళినా పిల్ల కంటే ముందు వాళ్ళ వాకిలి చూసేవాడు. "ఇక్కడ నీళ్ళు నిలబడతన్నాయండి, దోమలు గుడ్లెట్టేత్తాయి" అనేవాడు. పిల్ల తండ్రి కాఫీ గ్లాసు వెనక్కి పట్టుకుపోయేవాడు.

అలాంటి అబ్బులుకి చివరికి నూకరత్నం కుదిరింది. ఊరి మధ్య గడియార స్తంభం దగ్గర ఆమెది టిఫిను బండి. రత్నం ఇడ్లీ ఎంత తేలికంటే, పాత్ర మూత తీసేటప్పుడు రెండో చేత్తో అదిమి పట్టుకోకపోతే ఆవిరితో పాటు పైకి లేచిపోయేది. నోరు మాత్రం అంత తేలిక కాదు. అబ్బులు ఆమె బండి చుట్టూ తిరిగి చూశాడు, ఎక్కడా చుక్క నీరు నిలబడలేదు. ఆమె అబ్బుల్ని చుట్టూ తిప్పి చూసింది, ఎక్కడా తాగుడు వాసన రాలేదు. మాఘమాసంలో ముహూర్తం పెట్టేసుకున్నారు.

సరిగ్గా అప్పుడే కమిషనర్ విశ్వపతి గారు ఎక్కడో కొండల మీద జరిగిన పట్టణ శుభ్రతా సదస్సు నుంచి తిరిగొచ్చారు. అక్కడ హోటలు తోటలో ఒక మనిషి భుజాన గొట్టం తగిలించుకుని ఆకుల్ని ఊదుతూ కనపడ్డాట్ట. విశ్వపతి గారు ఉపన్యాసాలన్నీ మానేసి మూడు పూటలా ఆ మనిషినే చూస్తూ కూర్చున్నారు. వచ్చీ రాగానే సమావేశం పెట్టారు.

"చీపురు అనునది వెన్ను వంచే పరికరం," అన్నారు. "వెన్ను వంగిన పురపాలక సంఘం తలెత్తుకు నిలబడజాలదు. కావున నేటి నుంచి మన పరిధిలో ఆకును ఊడ్చు ప్రక్రియ రద్దు చేయడమైనది. ఆకును ఊదు ప్రక్రియ అమల్లోకి వచ్చును."

వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ అబ్బులు చెయ్యెత్తాడు.

"మరండీ, ఊదితే ఎక్కడికెల్తాయండీ?"

"ప్రశ్న ఎక్కడికి అన్నది కాదు మేస్త్రీ," అన్నారు విశ్వపతి గారు. "దేనితో అన్నది."

అక్కడ మొదలైంది. ఊదుడు గొట్టాలు రెండు రకాలు, పెట్రోలువీ, బ్యాటరీవీ. మునిసిపల్ ఇంజనీరు ముక్తేశ్వరరావు గారు పెట్రోలు పక్షం. ఆయన మోటారు సైకిలు వస్తుంటే పక్క ఊరి కుక్కలు కూడా లేచి మొరిగేవి. చప్పుడు లేనిదేదీ పనిచేస్తున్నట్టు ఆయన నమ్మరు. హెల్త్ ఆఫీసరు డాక్టర్ హైమవతి గారు బ్యాటరీ పక్షం. ఆవిడ అగరొత్తి వెలిగించినా కిటికీలు తెరిపిస్తారు.

"మీ బ్యాటరీ గొట్టం కొవ్వొత్తిని కూడా ఆర్పలేదు డాక్టరు గారూ," అన్నారు ఇంజనీరు. "పుట్టినరోజులకి కూడా పనికిరాదు, ఇంక పురపాలనకేం పనికొస్తుంది?"

"మీ పెట్రోలు గొట్టం మోగితే పట్టణంలోని పాడి గేదెలన్నీ ఎండిపోతాయి ఇంజనీరు గారూ. అప్పుడు మీ కాఫీలో పాలు పోస్తారా, పెట్రోలు పోస్తారా?"

విశ్వపతి గారు టేబుల్ మీద తట్టారు. "ఉభయ పక్షాల అభిప్రాయాలు సముచితంగానే ఉన్నవి. తులనాత్మక అధ్యయనం జరగవలసి ఉన్నది. అధ్యయనానికి ఆకులు కావాలి. చీపుర్లు చలామణీలో ఉన్నచో ఆకులు ప్రభావితం కాగలవు. కావున చీపుర్లన్నింటినీ స్వాధీనం చేసుకుని స్టోరు గదిలో సీలు వేయవలెను."

సీలు వేశారు. ఊడ్చే ఆడవాళ్ళని టౌన్ హాల్లో బల్లల మీద కూర్చోబెట్టి గాలి గురించి పాఠాలు చెప్పించారు. వాళ్ళు చల్లగా ఫ్యాన్ల కింద కూర్చుని నిద్రపోయారు. పాఠం ప్రకారం అదీ గాలి సంబంధిత శిక్షణే కాబట్టి హాజరు వేశారు.

ఈలోపు ఊళ్ళో ఆకులు పేరుకున్నాయి. తాటిగుమ్మిలో ఏ రోడ్డు చూసినా బాదం చెట్లే, అవి పుష్యమాసంలో ఎర్రబడి రాలతాయంటే ఇంక మనిషి అడ్డమొచ్చినా ఆగవు. మొదట చెప్పులు మునిగాయి, తరవాత మోకాళ్ళు. పోస్టుమాను సైకిలు ఎక్కడ పెట్టాడో మర్చిపోయి గంట చప్పుడు కోసం కర్రతో పొడుచుకుంటూ తిరిగాడు. అప్పనపల్లోళ్ళ దూడ తప్పిపోతే ఆకుల పైకి తోక కనపడ్డాక పట్టుకుని లాగారు. దాంతో పాటు పాత మునిసిపల్ ఛైర్మన్ గారి శంకుస్థాపన రాయి కూడా బయటపడింది.

పరీక్ష మునిసిపల్ గ్రౌండ్లో పెట్టారు. చెరో కుప్ప పోసి, ఎవరు ముందు ఊదేస్తే వాళ్ళు గెలిచినట్టు. కానీ కుప్పలు చూసి ఇంజనీరు గారు తన కుప్ప తడిసిందన్నారు. హైమవతి గారు తన కుప్పలో చింతాకు ఎక్కువ ఉంది, చింతాకు సన్నం, ఊదడం కష్టం అన్నారు. కుప్పలు మార్చుకోమంటే ఇద్దరూ ఒప్పుకోలేదు. అటొక ఆకు ఇటు, ఇటొక ఆకు అటు వేయించి మధ్యాహ్నం చేశారు.

చివరికి విశ్వపతి గారు తీర్పు చెప్పారు. "రెండు కుప్పలు సమానంగా ఉండజాలవు. ఒకే కుప్ప తనతో తాను సమానంగా ఉండగలదు. కావున ఒకే కుప్పను, ఒకే సమయంలో, రెండు యంత్రాలు, చెరో వైపు నుంచి ఊదవలెను."

ఊరంతా ఒక్కసారి చప్పట్లు కొట్టింది. ఇంత న్యాయం ఎవరూ చూసి ఎరగరు.

అబ్బులు ఈల వేశాడు. తూర్పు నుంచి పెట్రోలు గొట్టం గర్జించింది, పడమట నుంచి బ్యాటరీ గొట్టం బుస్సుమంది. కుప్ప కాసేపు ఎటు వెళ్ళాలో తెలియక వణికింది. తరవాత నిలువునా లేచింది. కొబ్బరిచెట్టంత ఎత్తున గోడలా నిలబడిపోయింది. దాని మీద ఒక కాకి వాలబోయి, నమ్మకం చాలక వెళ్ళిపోయింది. గోడకి అవతల ఉన్న వాళ్ళు ఇవతల వాళ్ళకి కనపడలేదు. ఇంజనీరు గారు "అదీ శక్తి!" అని అరుస్తున్నారు, హైమవతి గారు "అదీ నిశ్శబ్దం!" అని అంతకంటే గట్టిగా అరుస్తున్నారు. అలా ఉండగా పెట్రోలు అయిపోయింది. అదే క్షణానికి బ్యాటరీ కూడా అయిపోయింది. గోడ కూలి, కుప్ప ఉన్నచోటే ఉన్నట్టే పడింది.

విశ్వపతి గారు చొక్కా దులుపుకుని ప్రకటించారు. "ఉభయ యంత్రాలూ సమాన సామర్థ్యం కలవని శాస్త్రీయంగా నిర్ధారణ అయినది. కావున రెండింటినీ కొనుగోలు చేయడమైనది. గడియార స్తంభానికి తూర్పున ఉన్న వార్డులు పెట్రోలు వార్డులు. పడమట ఉన్నవి బ్యాటరీ వార్డులు."

ఆ విధంగా తాటిగుమ్మి రెండైంది. పొద్దున్నే పెట్రోలు వాళ్ళు తూర్పు వార్డుల్లో ఆకుల్ని ఊదుకుంటూ ఊదుకుంటూ గడియార స్తంభం దాటించి పడమటికి తోలేసేవాళ్ళు. తూర్పు శుభ్రం. మధ్యాహ్నం బ్యాటరీ వాళ్ళు వచ్చి అవే ఆకుల్ని, పైన తమ ఆకుల్ని, మళ్ళీ స్తంభం దాటించి తూర్పుకి తోలేసేవాళ్ళు. పడమర శుభ్రం. ఏ పూట ఏ వార్డు చూసినా ఎక్కడో ఒకచోట బ్రహ్మాండంగా శుభ్రంగా ఉండేది. ఇంజనీరు గారు ఇన్ని బళ్ళ ఆకు తొలగించాం అని చెప్పేవారు. హైమవతి గారు అంతకు రెండు బళ్ళు ఎక్కువ చెప్పేవారు. రెండూ కలిపి విశ్వపతి గారు పైకి పంపేవారు. జిల్లా అంతా నోరు తెరిచింది.

"చెట్ల నుంచి రాలినదాని కన్నా ఎక్కువ ఆకును తొలగించిన ఏకైక పురపాలక సంఘం మనది," అన్నారు విశ్వపతి గారు.

తూర్పుకీ పడమరకీ సరిగ్గా మధ్యన, గడియార స్తంభం కింద, నూకరత్నం టిఫిను బండి.

మొదటి రోజు ఆమె నవ్వింది. రెండో రోజు మూతలు వేసింది. ఆ తరవాత మూతలు కూడా ఎగిరిపోయాయి. గణపతి బాబాయ్ అనే పాత బేరం ఒకాయన ఇడ్లీ తింటూ అడిగాడు.

"ఏవే రత్నం, ఇదేం కొత్తిమీరే? ఎంత నవిలినా నలగట్లేదు?"

"అది కొత్తిమీర కాదు బాబాయ్, తూర్పు వార్డుది. ఉమ్మెయ్. మజ్జానం పడమటి వార్డుది వత్తాది, అది కాస్త మెత్తగా ఉంటాది."

ఒక బాదమాకు మీద అల్లం పచ్చడి మరక పడింది. అది ఉదయం పడమటికి వెళ్ళేది, మధ్యాహ్నం తూర్పుకి వచ్చేది. రత్నం దాన్ని గుర్తుపట్టి పలకరించడం మొదలెట్టింది. పలకరించిందే గానీ కడుపు మండిపోతోంది. పెనం మీద అట్టు వేస్తే ఆకుతో సహా కాలుతోంది. బేరాలు ఒక్కొక్కరే బస్టాండు హోటలుకి జారుకున్నారు. మిగిలింది గణపతి బాబాయ్, అదీ ఆయనకి పళ్ళు లేక బస్టాండు ఇడ్లీ నలగక.

సాయంత్రం అబ్బులు టీకి వస్తే రత్నం గరిటె పైకెత్తింది. గరిటెలో ఆకు.

"ఏవండీ మేస్త్రి గారూ, మీ ఆఫీసు నా సాంబార్లో పడింది. తీసుకెల్తారా, వడ్డించెయ్యమంటారా?"

"నేనేం చేతును రత్నం? పైనుంచి ఆర్డరు."

"ఆకులూ పైనుంచే పడతన్నాయి. అయినా ఒకమాటు కిందకి దిగాకన్నా ఊరుకునేయి. ఇప్పుడు మీరు ఊరుకోనివ్వట్లేదు." గరిటె గిన్నెలో పడేసింది. "ఒక్క మాట చెప్తాను, బుర్రకెక్కించుకోండి. నా బండి మీద ఆకులు ఆగితేనే పెళ్ళి. ఊరందరి చెత్తా నా నెత్తిన పోసే ఆయన పక్కన పీటల మీద కూకుంటే, రేపు బజార్లో జనం నన్నే చూసి నవ్వుతారు."

"ముహూర్తం పెట్టేశాక అలాగంటే ఎలాగే..."

"ముహూర్తం నాటికి నా బండి మీద ఒక్క ఆకున్నా పీటలు మీ ఆఫీసుకి పంపించేత్తాను. మీ ఇంజనీరు గార్నీ డాక్టరమ్మ గార్నీ చెరో వైపూ కూకోబెట్టి ఊదించుకోండి."

అబ్బులు టీ తాగకుండానే లేచాడు. వాకిళ్ళు చూసి చూసి ఇన్నాళ్ళకి దొరికిన మనిషి. మర్నాడే కమిషనరు గారి గదిలోకి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, రెండు మనవులండి. ఒకటి, ఆ గడియార స్తంభం దగ్గర ఆకులు మా... మా ఇడ్లీల్లో పడతన్నాయండి. రెండు, మాఘంలో నా పెళ్ళండి, సెలవు కావాలండి."

విశ్వపతి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సెలవా? మేస్త్రీ, రాష్ట్ర స్థాయి పరిశీలక బృందం మాఘమాసంలో మన పట్టణాన్ని సందర్శించనున్నది. ఉత్తమ పత్ర నిర్వహణ పురస్కారం మనకే అని వినికిడి. ఆ రోజు ఈల వేయువారెవరు?"

"ఏ రోజండీ?"

చెప్పారు. సరిగ్గా ముహూర్తం రోజు.

"సెలవులన్నీ రద్దు. ఇక ఇడ్లీల విషయం. క్షేత్రస్థాయిలో సమస్య ఉన్నచో దానికి గుర్తింపు ఇవ్వడం మన విధానం."

గుర్తింపు రెండు రోజుల్లో వచ్చింది. రత్నం బండికి ఆకుపచ్చ బోర్డు తగిలించారు. 'అంతర్ వార్డు పత్ర మార్పిడి కేంద్రం. బాధ్యురాలు: శ్రీమతి నూకరత్నం'. విశ్వపతి గారు రిబ్బను కత్తిరించి ఒక ఇడ్లీ తిని, ఆకు తీసి జేబులో పెట్టుకుని వెళ్ళారు.

రత్నం బోర్డు వంక చూసింది. అబ్బులు వంక చూసింది.

"శ్రీమతి అని రాశారు. ఇంకా అవ్వలేదు. ఇలాగైతే అవ్వను కూడా."

ఆదివారం వచ్చింది. ఆదివారం గొట్టాలకి సెలవు. మధ్యాహ్నం వేట మాంసంతో భోంచేసి తాటిగుమ్మి మొత్తం గుర్రు పెట్టింది. శనివారం బ్యాటరీలు మధ్యలోనే అయిపోవడంతో ఆకులన్నీ గడియార స్తంభం కింద, ఏ వార్డుకీ చెందకుండా, రేపటి ప్రయాణం కోసం ఎదురుచూస్తూ కుప్పగా ఉన్నాయి. అబ్బులు వాటి వంక చూశాడు. మెడలో ఈల తీసి జేబులో వేసుకున్నాడు. రత్నం ఇంటికి వెళ్ళి తలుపు కొట్టాడు.

"చీపురుందా?"

"ఎందుకూ?"

"అడక్కు. ఇయ్యి."

ఇరవై ఏళ్ళుగా చీపురు పట్టించినవాడే గానీ పట్టినవాడు కాదు. మొదట దుమ్మంతా తన మొహాన్నే పడింది. తిరగేసి పట్టుకున్నాడు, కుదిరింది. ఫ్యాన్ల గాలికి ఆదివారం కూడా టౌన్ హాల్లోనే పడుకున్న ఊడ్చే ఆడవాళ్ళిద్దరు కిటికీలోంచి చూసి, "మేస్త్రి గారికేదో అయ్యిందే" అని, చూస్తూ ఊరుకోలేక దిగొచ్చి సాయం పట్టారు. చెత్త ట్రాక్టరు తెచ్చారు, ఎత్తారు, ఊరి చివర కొబ్బరితోటల గోతుల్లో పోసి మట్టి కప్పేశారు. ఊరు నిద్రలేచి టీకి బయల్దేరేసరికి పని అయిపోయింది.

జనం గడియార స్తంభం దగ్గర ఆగి కిందకి చూశారు. రోడ్డు ఉంది. చాలామంది దాన్ని గుర్తుపట్టలేదు. గణపతి బాబాయ్ చెప్పులు విడిచి ఒకసారి కాలు పెట్టి చూసుకున్నాడు.

రత్నం బండి తుడిచి పెనం పెట్టింది. నెయ్యి వేసి పెసరట్టు కాల్చి అబ్బులు చేతికిచ్చింది. "ఇందులో ఏ వార్డూ లేదు, తినండి," అంది. అంతకంటే ప్రేమగా మాట్లాడ్డం ఆమెకి రాదు. అబ్బులుకి అక్కర్లేదు కూడా.

సోమవారం పొద్దున్న పెట్రోలు గొట్టాలు గర్జించాయి. గర్జించుకుంటూ తూర్పు వార్డులన్నీ తిరిగాయి. ముందు దుమ్ము లేచింది, తరవాత ఒక కోడి లేచింది, అంతే. మధ్యాహ్నం బ్యాటరీ గొట్టాలు దిగాయి. వాటికి కోడి కూడా లేవలేదు. సాయంత్రానికి తూర్పు సున్న, పడమర సున్న.

"ఆకులు లేవా?" విశ్వపతి గారు కుర్చీలోంచి లేచారు. "ఎవరి అనుమతితో లేవు?"

"బ్యాటరీ వాళ్ళు మింగేశారు సార్," అన్నారు ఇంజనీరు గారు.

"మీ పెట్రోలు వేడికి మాడి మసైపోయాయి," అన్నారు హైమవతి గారు.

బృందం రావడానికి వారం కూడా లేదు. చెట్ల కేసి చూశారు. బాదం చెట్లన్నీ అప్పుడే లేత చిగుళ్ళు వేసి, ఒక్క ఆకు కూడా రాల్చే ఉద్దేశం లేనట్టు కులాసాగా ఉన్నాయి. మనిషిని ఎక్కించి కొమ్మలు ఊపించారు. మనిషి రాలాడు. ఆకు రాలలేదు. దాంతో విశ్వపతి గారు చెట్లకి నోటీసులు అంటించారు. 'గత కొంతకాలముగా ఆకులు రాల్చుటలో తమరు అలసత్వము వహించుచున్నట్లు ఈ కార్యాలయ దృష్టికి వచ్చినది. తమపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపుడు.' ఒక్క చెట్టూ సంజాయిషీ ఇవ్వలేదు. అది ఇంకో నేరమైంది.

ఆఖరికి ఇంజనీరు గారికి ఆలోచన వచ్చింది. "ఆకులు చివరిసారిగా కనపడింది పత్ర మార్పిడి కేంద్రంలో సార్. బాధ్యురాలి పేరు బోర్డు మీదే ఉంది."

బండి స్వాధీనం చేసుకోవడానికి జీపు వెళ్ళింది. రత్నం పెనం కింద మంట కూడా ఆర్పలేదు. "బండి లాక్కెల్తే లాక్కెల్లండి, అట్టు తిరగేశాక," అంది. ఈలోగా అబ్బులు పరిగెత్తుకుంటూ కమిషనరు గారి గదిలోకి పడ్డాడు.

"ఆవిడ కాదండి. నేనండి. ఆదివారం నేనే తీయించేశానండి."

"ఏ యంత్రంతో? పెట్రోలా? బ్యాటరీనా?"

"రెండూ కాదండి." అబ్బులు తల దించుకున్నాడు. "చీపురుతోనండి."

హైమవతి గారు నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నారు. ఇంజనీరు గారు ఎవరైనా విన్నారేమోనని కిటికీ మూశారు. ఆ ఇద్దరూ ఒక విషయంలో ఏకం కావడం అదే మొదటిసారి.

"చీపురు," అన్నారు విశ్వపతి గారు, ఆ మాట నోట్లోంచి తుడుచుకుంటున్నట్టు. "ఒక్క మధ్యాహ్నంలో?"

"భోజనాలయ్యాక మొదలెట్టి టీ యేళకి అయిపోయిందండి."

"అది మరింత ఘోరం. అనధికార పరికరముతో, అనధికార వేగముతో, పట్టణమును అనధికారముగా శుభ్రపరచినందుకు గాను బండికి బదులు నిన్ను సస్పెండ్ చేయడమైనది."

అబ్బులు తలెత్తాడు. "ఎన్నాళ్ళండీ?"

"విచారణ పూర్తగు వరకు. అంతవరకు ఆఫీసు గడప తొక్కరాదు. ఈల ముట్టరాదు. ప్రభుత్వ పనిలో వేలు పెట్టరాదు."

"మన విచారణలు ఎప్పటికవుతాయండీ?"

ఇంజనీరు గారు జాలిగా చెవిలో చెప్పారు. "నా మీద వేసిందే ఇంకా మొదలవ్వలేదయ్యా. వేసినాయన రిటైరైపోయాడు."

అబ్బులు మనసులో మెల్లగా వెలుగొచ్చింది. గడప తొక్కరాదు. ఈల ముట్టరాదు. మాఘమాసం మొత్తం. కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి, కమిషనరు గారి కాళ్ళ మీద పడ్డాడు.

"పశ్చాత్తాపము కలిగినట్లున్నది," అన్నారు విశ్వపతి గారు, కాళ్ళు వెనక్కి తీసుకుంటూ.

పెళ్ళి గడియార స్తంభం వెనక వీధిలో, పట్టపగలు, పందిట్లో జరిగింది. అదే రోజు బృందం కూడా దిగింది. విశ్వపతి గారు వాళ్ళని పొద్దుటి నుంచి ఊరంతా తిప్పారు. ఏ వీధి చూసినా కడిగినట్టుంది. బృందం పెద్దాయన ముఖం అంతకంతకూ చిన్నబోయింది.

"రోడ్లు శుభ్రంగానే ఉన్నవి," అన్నాడాయన. "కానీ శుభ్రపరచినట్లు దాఖలా ఏదీ? తొలగించుటకు ఆకే లేనప్పుడు తొలగింపును ఏ విధముగా గమనించగలము?"

విశ్వపతి గారు చెట్ల వంక కోపంగా చూశారు. మధ్యాహ్నమైంది. ఆకలి వేసింది. పందిట్లోంచి గుమ్మడికాయ దప్పళం వాసన వచ్చింది. ఆఫీసు మొత్తాన్ని పిలిచిన పెళ్ళే కాబట్టి అందరూ వెళ్ళి మొదటి బంతిలో కూర్చుని తిన్నారు. తిని లేచారు. రెండో బంతి వాళ్ళు కుర్చీల వెనక నిలబడి, ఎప్పుడెప్పుడు ఎంగిలాకులు తీస్తారా అని చూస్తున్నారు.

విశ్వపతి గారు చెయ్యి కడుక్కుని వెనక్కి తిరిగారు. పందిరి ఈ చివర నుంచి ఆ చివర దాకా, వరసలు వరసలుగా, పచ్చగా, అరిటాకులు.

"ఆగండి!" అని ఒక్క కేక వేశారు. "ఎవరూ ఎత్తకండి! ఈ ప్రాంగణమును అత్యవసర పత్ర నిర్వహణ ప్రదర్శనా స్థలముగా ప్రకటిస్తున్నాను! యంత్రాలు తెప్పించండి!"

యంత్రాలు వచ్చాయి. తూర్పున పెట్రోలు, పడమట బ్యాటరీ. ఈల వేయడానికి మేస్త్రి కావాలి. మేస్త్రి పీటల మీద బాసికం కట్టుకుని ఉన్నాడు.

"నీ సస్పెన్షను ఇప్పుడే, ఇక్కడే ఎత్తివేయడమైనది," అన్నారు విశ్వపతి గారు. "తక్షణం విధుల్లో చేరవలెను. ఇకపై ఆదివారాలు కూడా లేవు. లే!"

అబ్బులు లేచాడు. లేస్తే కొంగుముడితో పాటు రత్నం కూడా లేవాల్సి వచ్చింది. కమిషనరు గారు ఈల చేతిలో పెట్టారు. ఈల వేశాడు. గొట్టాలు మోగాయి. పెరుగన్నం బరువుకి అరిటాకులు బల్లకి అతుక్కుపోయి ఒక్కటీ కదల్లేదు. వాటి మీద ఉన్నవి మాత్రం కదిలాయి. దప్పళం తూర్పు నుంచి, ఆవకాయ పడమర నుంచి బయల్దేరి, మధ్యన నిలబడ్డ బృందం పెద్దాయన తెల్లచొక్కా మీద కలుసుకున్నాయి.

ఆయన కళ్ళజోడు మీద మెంతి గింజ తీసి చూశాడు. "ఇది పెట్రోలా, బ్యాటరీనా?"

"ఉభయ యంత్రాల సమాన సామర్థ్యం సార్," అన్నారు విశ్వపతి గారు.

"ఏవయ్యో," అని వెనక నుంచి రత్నం మేనమామ అరిచాడు, "మీ ఊదుడు తరవాత చూసుకోండి, మా బంతెప్పుడయ్యా? కడుపులో ఎలకలు పరిగెడతన్నాయి!"

రత్నం కొంగుముడి పట్టుకుని లాగింది. అబ్బులు వంగాడు.

"ఏటంటన్నాడు ఆయన? నీ సస్పెన్షను ఎత్తేశాడా?"

"ఎత్తేశారే."

"అంటే రేపు డ్యూటీకెల్తావా?"

"ఎల్లాలి మరి. ఆదివారాలు కూడా లేవంట."

"పదహార్రోజుల పండక్కి?"

"లేదు."

"మళ్ళీ మా బండి మీదకి ఆకులు తోల్తావా?"

అబ్బులు చేతిలో ఈల వంక చూసుకున్నాడు. రత్నం పందిరి స్తంభం వంక చూసింది. "ఆ సస్పెన్షను మళ్ళీ రావాలంటే ఏం చెయ్యాలి?"

"ఏదన్నా ఊడిస్తే వత్తాది."

రత్నం పందిరి స్తంభానికి ఆనించి ఉన్న చీపురు తీసి మొగుడి చేతికిచ్చింది. బంధువులు "అయ్యో అయ్యో, పెళ్ళికొడుకే!" అంటున్నా వినకుండా, ముందు ఆమె ఎంగిలాకులు మడుస్తూ, వెనక బాసికం ఊగుతుండగా అతను ఊడుస్తూ, కొంగుముడి విడిపోకుండా ఇద్దరూ బంతి పొడుగునా నడిచారు. గొట్టాల వాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తుండిపోయారు. రెండో బంతి వాళ్ళు చప్పట్లు కొట్టి, ఖాళీ అయిన చోటల్లా కూర్చుంటూ వచ్చారు.

"చీపురు!" విశ్వపతి గారు కేకేశారు. "బృందం ఎదుటే చీపురు! సస్పెండ్! మళ్ళీ సస్పెండ్!"

"విన్నావా?" అంది రత్నం, చేత్తో చూపిస్తూ. "ఆ మూల వదిలేశావు, శుభ్రంగా ఊడువు. ఆషాఢం దాకా రావాలి."